చంటిబిడ్డల డైపరు దద్దుకు జింక్ ఆక్సైడ్ క్రీము: ఎలా పనిచేస్తుంది, ఎలా రాయాలి

డైపరు కట్టిన చోట బిడ్డ ఒళ్ళు ఎర్రగా కందిపోయిందని మా మందుల కొట్టుకు వచ్చే తల్లులు, అమ్మమ్మలు దాదాపు అందరూ అడిగేది ఒక్కటే: రాసిన పూటకే తగ్గిపోయే మందు ఏదైనా ఉంటే ఇవ్వమని. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్న నేను వారిలో ఎక్కువమందికి ఇచ్చేది జింక్ ఆక్సైడ్ క్రీము. అయితే ట్యూబు చేతికిచ్చి డబ్బులు తీసుకోవడంతో నా పని అయిపోయిందని నేను అనుకోను. ఈ క్రీము ఏ పని చేస్తుందో తెలియకుండా రాస్తే ట్యూబు అయిపోతుంది గాని దద్దు తగ్గదు. మా గజపతి జిల్లాలో అమ్మే ట్యూబుల మీద ఉండేవి ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలు. కొట్టులో మాటలు ఒడియాలో సాగుతాయి. ఇంట్లో బిడ్డను కనిపెట్టుకుని ఉండే పెద్దావిడకు చదవడం వస్తే వచ్చేది తెలుగే. అందుకని ట్యూబు మీద ఉన్న సంగతులతో పాటు దాని మీద లేని సంగతులు కూడా తెలుగులో వివరంగా రాస్తున్నాను.

ముందుగా చర్మం ఎందుకు కందుతుందో చెప్పాలి. తడి గుడ్డలోనో, తడి డైపరులోనో గంటల తరబడి ఉన్న చర్మం నాని మెత్తబడుతుంది. మెత్తబడిన చర్మం చిన్న రాపిడికే చెదిరిపోతుంది. మలంలో సహజంగానే మాంసకృత్తులను, కొవ్వును అరిగించే ఎంజైములు ఉంటాయి. మూత్రమూ మలమూ కలిసినప్పుడు సూక్ష్మజీవులు మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. మామూలుగా కొద్దిపాటి ఆమ్లగుణంతో ఉండి తనను తాను కాపాడుకునే చర్మం ఆ గుణాన్ని పోగొట్టుకుంటుంది. అదే అదనుగా ఆ ఎంజైములు మరింత చురుకై చర్మం పైపొరను తినేయడం మొదలుపెడతాయి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డల్లో ఈ బాధ కొంత తక్కువగా కనబడి, ఆరు నెలలు దాటి అన్నప్రాశన అయ్యాక ఎక్కువ కావడానికి మలం స్వభావం మారడమే ప్రధాన కారణం. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఒక్క పూటలోనే పిరుదులు ఎర్రబడిపోవడానికీ ఇదే కారణం. డైపరు వల్లనే ఇదంతా వచ్చిందని పెద్దవాళ్ళు కోడళ్ళను తప్పుపడుతూ ఉంటారు. నాకు ఆ మాట న్యాయంగా కనబడదు, తడిసిన పొత్తిగుడ్డను మార్చకుండా వదిలేసినా జరిగేది ఇదే.

జింక్ ఆక్సైడ్ అనేది నీటిలో కరగని తెల్లని పొడి. దాన్ని పెట్రోలియం జెల్లీ, ల్యానొలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు), మైనం వంటి జిడ్డు పదార్థాల్లో మెత్తగా కలిపి క్రీముగానో, ఆయింట్‌మెంటుగానో, పేస్టుగానో తయారు చేస్తారు. చర్మం మీద మందంగా పరిచినప్పుడు తడిని, మలాన్ని చర్మానికి తగలకుండా అడ్డుకోవడం దాని మొదటి పని. కందిన చోట ఊరే చెమ్మను కొద్దిగా పీల్చి, చర్మాన్ని కాస్త బిగించి, మంటను చల్లార్చే గుణం కూడా దానికి ఉంది. సూక్ష్మజీవుల మీద దాని ప్రభావం స్వల్పం, దాన్ని నమ్ముకోవలసినంత కాదు. పుండును మాన్పే శక్తి బిడ్డ చర్మంలోనే ఉంది. చర్మం ఆ పని చేసుకునే రెండు మూడు రోజులపాటు వానకు ముందు మట్టిగోడకు వేసిన పూతలాగా ఈ క్రీము పైనుంచి కాపు కాస్తుంది. ఈ ఒక్క విషయం మనసుకు పడితే ఎంత రాయాలి, ఎప్పుడు రాయాలి, ఎందుకు తుడిచేయకూడదు అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు దానంతట అదే దొరుకుతుంది.

రాసే పద్ధతిలోనే చాలామంది దగ్గర తేడా వస్తోంది. ముఖానికి స్నో రాసినట్టు చిటికెడు తీసుకుని చర్మంలోకి ఇంకిపోయేదాకా రుద్దుతారు. ఈ క్రీము ఇంకిపోవలసినది కాదు. డైపరు విప్పాక గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితోనో, మెత్తని నూలు గుడ్డతోనో ముందునుంచి వెనక్కు తుడవాలి. ఆడపిల్లల విషయంలో ఈ దిశ మరీ ముఖ్యం. వాసన కలిపిన, ఆల్కహాలు ఉన్న వెట్ వైప్స్ (తుడవడానికి అమ్మే తడి రుమాళ్ళు) కందిన చర్మం మీద మంట పుట్టిస్తాయి కాబట్టి దద్దు ఉన్నన్నాళ్ళూ వాటిని పక్కన పెట్టడం మంచిది. తరువాత రుద్దకుండా గుడ్డతో అద్ది తడి తీయాలి. ఆ పైన కొద్దిసేపు ఏమీ కట్టకుండా, అడుగున రబ్బరు షీటు పరిచి దాని మీద పాత చీర మడత వేసి బిడ్డను పడుకోబెడితే గాలి తగిలి మిగిలిన చెమ్మ కూడా ఆరిపోతుంది. తడి మీద రాస్తే ఆ తడి క్రీము కిందే చిక్కుకుపోతుంది గనుక ఈ ఆరబెట్టే పని క్రీము రాయడమంత ముఖ్యమైనది. ఆ తరువాతే, శుభ్రంగా కడుక్కున్న చేతివేళ్ళతో, అడుగున చర్మం రంగు కనబడనంత తెల్లగా, మందంగా పరచాలి. సరిగ్గా రాసిన చోట ఒక నీటి చుక్క వేస్తే అది ఇంకకుండా పైనే నిలిచి జారిపోతుంది. క్రీము సరిపోయిందో లేదో అనుమానం ఉన్నవారు ఒకసారి అలా చూసుకోవచ్చు.

తరువాత డైపరు మార్చేటప్పుడు ఇంకొక ప్రశ్న వస్తుంది: పాత క్రీమంతా తీసేయాలా? అక్కర లేదు. పైన అంటిన మలాన్ని మాత్రం మెల్లగా తీసి, అడుగున చర్మాన్ని అంటిపెట్టుకుని ఉన్న తెల్లని పొరను అలాగే ఉంచి, దాని మీదనే కొత్త పూత వేయాలి. ఆ పొరను గీకి గీకి తీయడంతో అప్పుడే కట్టుకుంటున్న లేతచర్మం కూడా దానితో పాటు ఊడిపోతుంది. రోజుకొకసారి స్నానం చేయించేటప్పుడు పూర్తిగా తీయాలనిపిస్తే దూదికి కొద్దిగా కొబ్బరినూనె అద్ది తుడిస్తే జిడ్డు జిడ్డుతో వచ్చేస్తుంది. సబ్బుతో తోమనక్కర లేదు. మా వైపు బిడ్డకు నీళ్ళు పోయడానికి ప్రత్యేకంగా ఒకావిడ వచ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పెద్దావిడల చేతి నేర్పు మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా దద్దు ఉన్న రోజుల్లో తొడల మధ్య, గజ్జల్లో సున్నిపిండి పెట్టి నలచవద్దని తల్లి ముందే చెప్పుకోవాలి. గరుకుపిండి రాపిడికి కందిన చర్మం పగులుతుంది.

డైపరును రెండు మూడు గంటలకొకసారి, మలవిసర్జన జరిగిన వెంటనే తప్పకుండా మార్చాలి. మార్చడంలో బద్ధకిస్తే ఎంత ఖరీదైన క్రీము రాసినా ఉపయోగం లేదు.

ఇక ట్యూబు మీద చూడవలసిన సంగతి. పేరు ఏదైనా కావచ్చు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఏ పదార్థం ఎంత శాతం ఉందో రాసి ఉంటుంది. అక్కడ జింక్ ఆక్సైడ్ అన్న మాట, దాని పక్కన అంకె వెతకాలి. మామూలుగా పది నుంచి నలభై శాతం వరకు రకరకాలుగా దొరుకుతాయి. రోజూ ముందుజాగ్రత్తగా రాయడానికి తక్కువ శాతం ఉన్న పలుచని క్రీము చాలు; చర్మం కందిన తరువాత మాత్రం ఎక్కువ శాతం ఉన్న గట్టి పేస్టు బాగా నిలుస్తుంది. వాసన, రంగు కలపనిదాన్ని ఎంచుకోవాలి, క్రీము పడలేదని తల్లులు చెప్పే బిడ్డల్లో చాలాసార్లు పడనిది జింకు కాదు, అందులో కలిపిన పరిమళమో, ల్యానొలినో, చెడిపోకుండా కలిపే నిల్వ పదార్థమో అయి ఉంటుంది. కొన్ని ఆయుర్వేద క్రీముల మీద యశద భస్మం అని రాసి ఉంటుంది. అది జింకును భస్మం చేసి తయారు చేసినది, అందులోనూ ముఖ్యంగా ఉండేది జింక్ ఆక్సైడే. పాత తరం వైద్యులు రాసిచ్చే లాసర్ పేస్టును అడిగేవారు కూడా అప్పుడప్పుడు వస్తారు. పందొమ్మిదో శతాబ్దపు బెర్లిన్ చర్మవైద్యుడు ఆస్కర్ లాసర్ పేరు మీద వచ్చిన ఆ పేస్టులో 24 శాతం జింక్ ఆక్సైడ్, అంతే పిండిపదార్థం ఉండడంతో పాటు 2 శాతం సాలిసిలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. పెద్దల చర్మవ్యాధులకు ఉద్దేశించిన ఆ ఆమ్లం చంటిబిడ్డ కందిన చర్మం మీద పడకూడదు, కాబట్టి దాన్ని నేను పసిపిల్లలకు ఇవ్వను. గులాబీ రంగు కాలమైన్ లోషన్‌లో కూడా ఉండేది ప్రధానంగా జింక్ ఆక్సైడే, దానికి ఆ రంగు కొద్దిపాటి ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది. చెమటకాయలకు అది మంచిదే గాని, నీళ్ళతో చేసిన ఆ లోషన్ ఆరి పొడిలా రాలిపోతుంది, డైపరు కింద అడ్డుగోడలా నిలవదు.

దద్దు లేని బిడ్డకు ముందుజాగ్రత్తగా రాయడానికి మామూలు పెట్రోలియం జెల్లీ సరిపోతుందని, అది జింకు క్రీముకంటే చౌక అని కూడా నేను చెబుతూ ఉంటాను. అమ్ముకునేవాడు అలా చెప్పకూడదని కొందరు అంటారు. కూలి డబ్బులతో బిడ్డను పెంచుకుంటున్న ఇంటికి అక్కరలేని ఖర్చు పెట్టించడం నాకు ఇష్టం లేదు.

జింకు పేరుతో మరొక గందరగోళం ఉంది. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఓఆర్ఎస్ పొట్లాలతో పాటు జింకు మాత్రలు ఆశా కార్యకర్తలు ఇస్తారు. ఆరు నెలలు నిండిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు వారికి అందులో సగం చొప్పున, విరేచనాలు ఆగిపోయినా పద్నాలుగు రోజులు వేయడం పద్ధతి. ఒకసారి ఒక మామ్మగారు మనవడికి క్రీము రాసిన చీటీ పట్టుకుని వచ్చి, "బాబూ, ఆశా అమ్మాయి ఇచ్చిన జింకు ఇంట్లో ఉంది కదా, దాన్నే నూరి నూనెలో కలిపి రాస్తే సరిపోదా?" అని అడిగారు. "వద్దు మామ్మా, ఆ మాత్ర కడుపులోకి, ఇది ఒంటి మీదికి. ఆ మాత్రలు పద్నాలుగు రోజులూ మానకుండా వేయండి, దీన్ని ఒళ్ళు ఆరాక దట్టంగా పరచండి" అని చెప్పి పంపించాను. ఆవిడ అడిగినది తెలివైన ప్రశ్నే. మాత్రలో ఉండే జింకు సాధారణంగా నీటిలో కరిగే లవణం, తీపి, రంగు వంటివి కలిపిన గుండ. చర్మం మీద అడ్డుపొరగా నిలవడం దానికి సాధ్యం కాదు. అలాగే క్రీమును నోట పెట్టకూడదు. వేలికంటిన కొంచెం క్రీమును బిడ్డ నాకితే మామూలుగా ప్రమాదం ఉండదు గాని, ట్యూబునే నోట్లో పెట్టుకుని పీల్చేసిన బిడ్డను వెంటనే డాక్టరుకు చూపించాలి.

జింకు క్రీముకు బదులుగా ఇళ్ళలో వాడే వాటిలో రెండింటి గురించి నేను గట్టిగానే హెచ్చరిస్తాను. మొదటిది పౌడరు. మామూలు టాల్కం పౌడరును బిడ్డ మీద చల్లినప్పుడు లేచే గుండ ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. తడి తగిలిన పౌడరు ఉండలు కట్టి గజ్జల్లో రాపిడి పెంచుతుంది. క్రీము మీద పౌడరు చల్లితే రెండూ పాడవుతాయి. బోరిక్ పౌడరు అంతకంటే ప్రమాదం. కందిన చర్మం గుండా బోరిక్ ఆమ్లం ఒంట్లోకి చేరి పసిపిల్లల ప్రాణాలు పోయిన సంఘటనలు వైద్య చరిత్రలో నమోదై ఉన్నాయి. క్యారమ్ బోర్డు కోసం తెచ్చిన డబ్బా ఇంట్లో ఉంది కదా అని దాన్ని బిడ్డ ఒంటికి పూయడం ఎన్నడూ చేయకూడదు.

రెండవది స్టిరాయిడ్, అంటే ఎరుపును, వాపును అణచే మందు, కలిసిన ట్యూబు. ఇది నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం. తామరకు, దురదకు పెద్దవాళ్ళు వాడుకునే ట్యూబుల్లో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, వాటితో పాటు బీటామెథసోన్ లేదా క్లోబెటసాల్ వంటి బలమైన స్టిరాయిడ్ కలిసి ఉంటాయి. దాన్ని బిడ్డకు రాస్తే మరునాటికి ఎరుపు తగ్గినట్టు కనబడుతుంది, దానితో ఆ ట్యూబు మీద ఇంట్లో అందరికీ నమ్మకం కుదురుతుంది. పసిచర్మం పలుచన, పైన డైపరు మూసి ఉండడం వల్ల మందు మామూలుకంటే ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. రాను రాను చర్మం కాగితంలా పలుచబడి చారలు పడుతుంది. ఫంగస్ ఉంటే అది అణగినట్టు నటించి మరింత బలంగా పైకి వస్తుంది. ఎక్కువ రోజులు వాడితే శరీరంలో సహజంగా ఊరే స్టిరాయిడ్ల మీద కూడా దెబ్బ పడుతుంది. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇలాంటి పలు పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది. అయినా చీటీ లేకుండా ఇచ్చే కొట్లు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నాయి. అలాంటి ఒక కొట్టులో కొన్న ట్యూబును చాలా రోజులు రాయించుకున్న ఒక పసిబిడ్డ తొడల మీద పలుచబడిన చర్మాన్ని నేను కళ్ళారా చూశాను. బిడ్డ తల్లి చేసిన తప్పేమీ లేదు. ఆ ట్యూబులో ఏముందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. పిల్లల డాక్టరు పరీక్షించి తేలికరకం స్టిరాయిడ్‌ను కొద్ది రోజులకు రాసివ్వడం వేరు, ఇంట్లో మిగిలిన ట్యూబును రాసేయడం వేరు.

జింకు క్రీముతో తగ్గని దద్దు కూడా ఉంటుంది, దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. తడి వల్ల, రాపిడి వల్ల వచ్చిన దద్దు పిరుదుల ఉబ్బెత్తు భాగాల మీద, తొడల మీద, అంటే డైపరు ఒరుసుకునే చోట ఉంటుంది. గజ్జల మడతల లోపల చర్మం చాలావరకు బాగానే ఉంటుంది. మడత లోపలే నిగనిగలాడే ఎరుపు ఉండి, దాని అంచు దాటాక చుట్టూ చిన్న చిన్న ఎర్రని పొక్కులు విడివిడిగా చల్లినట్టు కనబడితే అది కాండిడా అనే ఫంగస్ కావచ్చు. యాంటీబయాటిక్ వాడిన తరువాత ఇది ఎక్కువగా వస్తుంది, నోట్లో తెల్లని పాచి కూడా కనబడవచ్చు. దానికి క్లోట్రిమజోల్ వంటి ఫంగస్ మందు కావాలి. డాక్టరు ఆ మందు రాస్తే ముందు దాన్ని పలుచగా రాసి, ఇంకిన తరువాత పైన జింకు క్రీము పరుచుకోవచ్చు. శుభ్రత పాటించి క్రీము రాసినా మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోయినా, జ్వరం, చీము, నీటిబొబ్బలు, రక్తం కనబడినా, దద్దు డైపరు హద్దు దాటి పొట్ట మీదికి పాకినా, బిడ్డకు ఇంకా నెలన్నర నిండకపోయినా కొట్టులో అడగడం ఆపి పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. దద్దు నోటి చుట్టూ, చేతులకు, పాదాలకు కూడా ఉండి, జుట్టు రాలుతూ, విరేచనాలు విడవకుండా ఉంటే ఒంట్లోనే జింకు లోపించి ఉండే అవకాశం ఉంది; అది క్రీముతో పోయేది కాదు, పరీక్ష చేయించి నోటి ద్వారా జింకు ఇవ్వవలసి వస్తుంది. పాతపట్నం, శ్రీకాకుళం, బరంపురం, ఎటు వెళ్ళడం వీలైతే అటు వెళ్ళవచ్చు, ఆలస్యం చేయకపోవడమే ముఖ్యం.

మా ప్రాంతంలో ఈ బాధ ఎక్కువయ్యేది వానకాలంలో. మహేంద్రగిరి వైపు నుంచి ముసురు పట్టిందంటే దండెం మీద గుడ్డలు రోజుల తరబడి ఆరవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత కరెంటు లేక, మంచినీళ్ళకే కటకటలాడిన రోజుల్లో పొత్తిగుడ్డలు ఉతికి ఆరబెట్టడం ఎంత కష్టమైందో ఇక్కడి వారికి చెప్పనక్కర లేదు. సగం ఆరిన గుడ్డ బిడ్డకు చుట్టవలసి వచ్చినప్పుడు రెండు వైపులా ఇస్త్రీ చేస్తే మిగిలిన తడి పోతుంది. ఉతికేటప్పుడు సబ్బుపొడి వాసన పోయేదాకా జాడించాలి; గుడ్డలో మిగిలిపోయిన సబ్బు కూడా చర్మాన్ని కందిస్తుంది. గుడ్డ డైపర్లు వాడేవారికి ఇంకొక సంగతి: జింకు క్రీము జిడ్డు గుడ్డకు పడితే తడి పీల్చే గుణం తగ్గుతుంది, మరక కూడా పోదు. క్రీముకు, డైపరుకు మధ్య మెత్తని పాత పంచె ముక్క ఒకటి వేసి, దాన్ని విడిగా వేడినీళ్ళలో ఉతుక్కుంటే ఆ ఇబ్బంది ఉండదు.

పక్షవాతంతోనో, వయసు మీదపడో మంచాన ఉన్న పెద్దలకు కూడా ఈ క్రీము ఇంతే ఉపయోగపడుతుంది. వారికి డైపరు కట్టిన చోట వచ్చే కందుకు కారణాలు చంటిబిడ్డకు చెప్పినవే గనుక రాసే పద్ధతీ అదే. అయితే నడుము కింద, పిర్రల మధ్య ఎముక ఒత్తుకునే చోట, మడమల మీద చర్మం నల్లబడి గాని, గుంట పడి గాని కనబడితే అది ఒత్తిడి వల్ల వచ్చే పడకపుండు. దాని మీద తెల్లగా క్రీము పరిస్తే పుండు లోతు పెరగడం కనబడకుండా పోతుంది. ఆ మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టి, పుండును నర్సుకో డాక్టరుకో చూపించాలి. షుగరు ఉన్నవారికి గజ్జల్లో, రొమ్ముల కింద ఒరుసుకుపోయి ఎర్రబడితే అక్కడ ఫంగస్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, ముందు దాన్ని తేల్చుకున్నాకే జింకు క్రీము. ఇంట్లో చంటిబిడ్డ, పెద్దావిడ ఇద్దరూ ఉంటే ఇద్దరికీ వేరువేరు ట్యూబులు కొనుక్కోవాలి. ఒకరి చర్మాన్ని తాకిన వేలితో ఇంకొకరి ట్యూబును ముట్టుకోకూడదు.